ఊరికే

పోయిన నవంబరులో ఒక మధ్యాహ్నం, ఆఫీసు క్యాంటీన్‌లో భోజనం చేస్తుంటే, మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"మేడం, ఇది చూశారా? ఎవడో పిచ్చోడు ఒక్కడే కూర్చుని ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశాడంట. దేవుడు చెప్పాడంట చెయ్యమని!"

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు కదా. పెరుగన్నం సగంలో వదిలేసి లేచాను.

ఎందుకంటే నాకో తమ్ముడున్నాడు. ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పని తమ్ముడు.

వాడి గురించి చెప్పాలంటే 1987కి వెళ్ళాలి. అప్పుడు మేం గుంటూరులో ఉండేవాళ్ళం. నేను ఎనిమిదో తరగతి, వాడు ఆరు. బడి పిల్లలకి కంప్యూటర్ నేర్పాలని కేంద్ర ప్రభుత్వం 1984-85లో 'క్లాస్' అనే ప్రాజెక్టు మొదలుపెట్టి, ఇంగ్లండ్‌లో తయారైన బీబీసీ మైక్రో కంప్యూటర్లు దేశంలోని కొన్ని బడులకి ఇచ్చింది. మా బడికీ వచ్చాయి. వాటికి ప్రత్యేకంగా ఒక గది, కిటికీలకి పరదాలు, గుమ్మం బయట చెప్పుల వరస. గుళ్ళోకి వెళ్ళినట్టే వెళ్ళేవాళ్ళం.

ఆ కంప్యూటర్ మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు. కానీ స్విచ్ వెయ్యగానే 'బూప్' అని ఒక చప్పుడు, తెర మీద ఒక చిన్న బాణం గుర్తు. అంతే. దానర్థం 'చెప్పు, ఏం చెయ్యమంటావ్?' అని. వెంటనే బేసిక్ భాషలో ప్రోగ్రాం కొట్టుకోవచ్చు. పాస్‌వర్డ్ లేదు, అప్‌డేట్ లేదు, ఒప్పుకున్నానని నొక్కాల్సిన షరతుల కాగితం లేదు.

ఆరో తరగతి వాళ్ళకి ఆ గదిలోకి ప్రవేశం లేకపోయినా, శనివారం సాయంత్రాలు మా మాస్టారు దయతలచి తమ్ముణ్ణి రానిచ్చేవారు. వాడికి తెలుగు అక్షరాలు తెర మీద చూడాలని పిచ్చి కోరిక. ఆ కంప్యూటర్లో ఎనిమిది గడులు అడ్డం, ఎనిమిది గడులు నిలువు ఉన్న చదరంలో మనకి కావాల్సిన అక్షరం మనమే తయారుచేసుకునే వీలుంది. వాడు లెక్కల నోటుపుస్తకంలో గడులు నింపేవాడు, వరసకో అంకె లెక్కగట్టేవాడు. 'క' గీస్తే తలకట్టుకే రెండు వరసలు పోయేవి. "ఇంగ్లీషుకి ఎనిమిది గడులు చాలక్కా, తెలుగుకి చాలవు" అని విసుక్కుని, చివరికి రెండు చదరాలు పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చేశాడు. మాస్టారు ఆ నోటుపుస్తకం తీసుకెళ్ళి హెడ్మాస్టరుగారికి చూపించారు.

1998లో ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో వాడికి మాటలు వినపడటం మొదలైంది. పక్కగదిలో వాళ్ళు గోడలోంచి తన గురించే మాట్లాడుకుంటున్నారనేవాడు. తర్వాత కంప్యూటర్ తెర మీంచి తనకి సందేశాలు వస్తున్నాయన్నాడు. డాక్టరుగారు స్కిజోఫ్రీనియా అన్నారు. మేం బంధువులతో టైఫాయిడ్ అన్నాం. ఇంట్లో కంప్యూటర్ అమ్మేశాం. అప్పటి నుంచీ వాడు కీబోర్డు ముట్టుకోలేదు. ఇప్పుడు తెనాలిలో అమ్మ దగ్గర ఉంటాడు. మందులు వేసుకుంటాడు. మా బాబాయి ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తాడు, చేత్తోనే.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక, ఆ కుర్రాడు చూపించిన ఓఎస్ కోసం వెతికాను. దాని పేరు టెంపుల్ ఓఎస్. చేసినాయన పేరు టెర్రీ డేవిస్, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1969లో పుట్టాడు. తన ఓఎస్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని వదిలేశాడు. ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టుకుని, అందులో దాన్ని నడిపించాను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటర్ అనే అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీ లాంటిది. ఏ ప్రోగ్రాంకి ఎంత మెమరీ ఇవ్వాలి, ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు ఎవరి ఫ్లాట్లోకి వెళ్ళకూడదు - అన్నీ అదే చూసుకుంటుంది. మన ఫోన్లో ఆండ్రాయిడ్, ఆఫీసులో విండోస్, సర్వర్లలో లినక్స్ చేసే పని అదే. టెంపుల్ ఓఎస్ అలా కాదు. అది పాతకాలపు ఉమ్మడి ఇల్లు. గదులకి తలుపుల్లేవు. ఏ ప్రోగ్రామైనా ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ఏదైనా ముట్టుకోవచ్చు. తప్పు చేస్తే ఇల్లంతా కూలుతుంది. కూలితే ఏమైంది? రెండు మూడు సెకన్లలో మళ్ళీ మొదలవుతుంది.

దానికి ఇంటర్నెట్ లేదు. తెర 640 బై 480, రంగులు పదహారే. ఆ కొలత దేవుడు చెప్పిందేనని డేవిస్ నమ్మాడు. లోపల వాడే భాష కూడా ఆయన సొంతం. సి భాషని తనకి కావాల్సినట్టు మార్చుకుని హోలీ సి అని పేరు పెట్టాడు. ఆ భాషని ప్రోగ్రాంలోకి మార్చే కంపైలర్ తానే రాశాడు. ఎడిటర్, ఆటలు, బొమ్మలు గీసే సరంజామా అన్నీ తానే. మొత్తం లక్ష లైన్లు దాటకూడదని ఒక గీత కూడా గీసుకున్నాడు. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ ఒక్కటే ఇవాళ రెండున్నర కోట్ల లైన్లు దాటింది.

మొదట నాకు ఆ తెర చూస్తే కళ్ళు చెదిరాయి. తెల్లటి తెర మీద నీలం అక్షరాలు, మెరిసేవి కొన్ని, కదిలేవి కొన్ని. జాతరలో రంగుల దుకాణం లాగుంది. తర్వాత, ఏం తోచక, కొటేషన్ గుర్తుల మధ్య నా పేరు కొట్టి ఎంటర్ నొక్కాను. నా పేరు తెర మీద పడింది.

ఇందులో వింతేముందంటారా? ఇవాళ మా ఆఫీసులో ఒక కొత్త ప్రోగ్రాంతో 'హలో' అనిపించాలంటే ముందు ఫోల్డర్ కట్టాలి, ఎవరెవరో రాసిన వందల ముక్కలు దించుకోవాలి, అనుమతులు తీసుకోవాలి. ఇక్కడ ఆజ్ఞలు రాసే గడి, ప్రోగ్రాం రాసే భాష - రెండూ ఒకటే. రాసింది రాసినట్టు అప్పటికప్పుడు నడుస్తుంది. ప్రోగ్రాం మధ్యలో బొమ్మ కావాలంటే, ఆ బొమ్మ నిజంగా ఆ లైన్ల మధ్యలోనే కనపడుతుంది, పిల్లల పుస్తకంలో కథ మధ్య బొమ్మలాగా. ముప్ఫయ్యేడేళ్ళ తర్వాత ఆ చిన్న బాణం గుర్తు నన్ను మళ్ళీ పలకరించినట్టయింది.

డేవిస్ కావాలనుకున్నది కూడా అదే. ఆయన కుర్రతనంలో కమడోర్ 64 అనే కంప్యూటర్ మీద పెరిగాడు. మా బీబీసీ మైక్రోకి తమ్ముడి వరస అవుతుంది. ఈ కాలపు యంత్రాల మీద ఆ కాలపు ఆనందం మళ్ళీ రావాలన్నది ఆయన కోరిక. లినక్స్ లారీ అయితే విండోస్ కారు, తనది మోటార్ సైకిల్ అని పోల్చేవాడు. మరీ వంగితే పడతావు, కాబట్టి వంగకు అనేవాడు. సరుకు మోయడానికో, ఆఫీసుకి వెళ్ళడానికో కాదు. ఊరికే, గాలి తగలడానికి.

ఇదంతా మెచ్చుకుంటూనే మిగతా సగం కూడా చెప్పాలి. ఆయన అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఎమ్మెస్ చేశాడు. టికెట్‌మాస్టర్ కంపెనీలో పనిచేశాడు. 1996లో జబ్బు బయటపడింది. చివరికి స్కిజోఫ్రీనియా అని తేలింది. తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ, పదేళ్ళకి పైగా ఈ ఒక్క పనే చేశాడు. మూడు పేర్లు మార్చి, 2013లో టెంపుల్ ఓఎస్ అన్నాడు. ఆన్‌లైన్‌లో ఆయన రాసిన మాటల్లో కొన్ని చదవలేం. జాత్యహంకారపు తిట్లు ఉంటాయి. చాలాచోట్ల ఆయన్ని బయటికి పంపేశారు. ఇంకొందరైతే ఆయన్ని రెచ్చగొట్టి, ఆయన తిడుతుంటే చూసి ఆనందించేవాళ్ళు. సరదాకి. చివరి నెలల్లో మందులు మానేశాడు. అవి తన సృజనకి అడ్డమని నమ్మాడు. ఇల్లు వదిలి రోడ్డున పడ్డాడు. 2018 ఆగస్టు 11న ఓరెగాన్ రాష్ట్రంలో ది డాలస్ అనే ఊళ్ళో రైలు కింద పడి పోయాడు. 48 ఏళ్ళు.

ఆ జబ్బు వల్లే అంత పని చేయగలిగాడని కొందరంటారు. నేనొప్పుకోను. కంపైలర్ రాయడానికి చదువు కావాలి, ఓపిక కావాలి, నిన్న రాసిన తప్పు ఇవాళ పట్టుకునే బుద్ధి కావాలి. అవన్నీ జబ్బు రాకముందు సంపాదించుకున్నవి. జబ్బు వచ్చినా పోనివ్వకుండా పట్టుకున్నవి. మా తమ్ముడికి జబ్బు లెక్కలు నేర్పలేదు. ఉన్న లెక్కలు లాక్కుంది.

ఆ రాత్రి తర్వాత ఇంకా ఇలాంటివి ఎవరెవరు చేశారా అని చదవడం మొదలుపెట్టాను. ఇదొక పెద్ద కులమే ఉంది! ఫిన్లండ్ వాసి విల్లె తుర్యన్మా మొత్తం అసెంబ్లీ భాషలో మెన్యుయెట్ అనే ఓఎస్ రాశాడు. కిటికీలు, మౌసు, ఆటలతో సహా 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో పడుతుంది. దాన్నుంచి 2004లో కొలిబ్రి ఓఎస్ పుట్టింది. స్వీడన్‌కి చెందిన ఆండ్రియాస్ క్లింగ్ కథ ఇంకొకటి. వ్యసనం నుంచి బయటపడే చికిత్స పూర్తిచేసుకుని ఇంటికొచ్చాక, రోజు ఎలా గడపాలో తెలియక 2018లో ఒక ఓఎస్ మొదలుపెట్టాడు. సెరెనిటీ అని పేరు. వ్యసనం మానేవాళ్ళు చెప్పుకునే ప్రార్థనలోంచి తీసుకున్న పేరది. ఒక్కడి కాలక్షేపంగా మొదలైన దానికి తర్వాత వందల మంది చెయ్యి కలిపారు. లేడీబర్డ్ అనే బ్రౌజర్ కూడా అందులోంచే పుట్టి, 2024లో వేరు కాపురం పెట్టింది. అంతెందుకు, 1991 ఆగస్టులో హెల్సింకి కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ గురించి మొదటిసారి లోకానికి చెప్పినప్పుడు, ఇది సరదాకి చేస్తున్నదే, పెద్దదేం కాదన్నాడు.

ఒకటి పెద్దదైంది. ఒకటి ఒక మనిషిని నిలబెట్టింది. ఒకటి ఒక మనిషితోనే ఆగిపోయింది. మొదలుపెట్టినప్పుడు మాత్రం అందరూ ఊరికే మొదలుపెట్టారు.

నాకూ ఏదైనా చెయ్యాలనిపించింది. ఓఎస్ అంటే మాటలు కాదు కాబట్టి, దాని గుమ్మం దాకా వెళ్దామనుకున్నా. పాత పద్ధతి పీసీ ఆన్ చేసినప్పుడు డిస్కులోని మొదటి 512 బైట్లు మెమరీలోకి తెచ్చుకుని, చివరి రెండు బైట్లు 55, ఏఏ అనే గుర్తు ఉందో లేదో చూస్తుంది. ఉంటే, ఇక నీ ఇష్టం అని పగ్గాలు మనకి ఇచ్చేస్తుంది. అప్పుడు విండోస్ లేదు, లినక్స్ లేదు. ఖాళీ యంత్రం, మన 510 బైట్లు. అంతే.

అందులో ఏం రాయాలి? చాలాసేపు ఆలోచించక్కర్లేకపోయింది. తెలుగు అక్షరాలు.

అప్పుడు తమ్ముడి డాక్టరుగారికి ఫోన్ చేశాను. వాడితో కంప్యూటర్ ముందు కూర్చోవచ్చా అని. నిద్ర, మందులు తప్పకుండా చూసుకోండి, రోజూ ఒక గంట కూర్చుంటే ఏం కాదు, ఇబ్బంది పడుతున్నట్టనిపిస్తే ఆపేసి నాకు చెప్పండి, అన్నారాయన. ఇరవై ఏడేళ్ళలో ఆ ప్రశ్న మేం ఒక్కసారి కూడా అడగలేదు.

సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. భోగి నాడు మధ్యాహ్నం, గడుల నోటుపుస్తకం ఒకటి కొని వాడి ముందు పెట్టాను. "ఒరేయ్, పదహారు గడులు అడ్డం, పదహారు నిలువు. 'తెనాలి' అని రాయాలి. మూడు చదరాలు."

వాడు నా వంక చూశాడు. "పదహారా?" అన్నాడు. "అయితే తలకట్టుకి చోటుంటుంది."

ఆ సాయంత్రమంతా పెన్సిలు, రబ్బరు. 'తె' ఎత్వం రెండుసార్లు చెరిపాడు. 'లి' గుడి దగ్గర ఆగిపోయి, లేచి వెళ్ళి గోడ మీది క్యాలెండర్లో అక్షరం చూసొచ్చాడు. రాత్రికి మూడు చదరాలు నిండాయి. చదరానికి 32 బైట్లు, మొత్తం 96.

పడుకునే ముందు వాడికి డేవిస్ గురించి చెప్పాను. జబ్బు సంగతి కూడా చెప్పాను. దాచి దాచి విసుగొచ్చింది. వాడు అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆయన మందులు వేసుకునేవాడా?"

"చివర్లో మానేశాడ్రా."

ఏమీ అనలేదు. లేచి గూట్లోంచి మాత్ర తీసుకుని, మంచినీళ్ళతో వేసుకుని, దుప్పటి కప్పుకున్నాడు.

పండగ రోజు పొద్దున్న, అమ్మ అరిసెలు సర్దుతుంటే, నేను ల్యాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాం నడిపించాను. నల్లటి తెర మీద పచ్చటి చుక్కలు వచ్చాయి. కానీ తెనాలి రాలేదు. ఏవో వంకర గీతలు, అద్దంలో చూసినట్టు. నాలుగు రాత్రులు కూర్చుని రాసిన నేను, ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న నేను, తల పట్టుకున్నాను.

తమ్ముడు కుర్చీ దగ్గరికి లాక్కుని తెర చూశాడు, నోటుపుస్తకం చూశాడు. "కుడినుంచి ఎడమకి గీస్తున్నావక్కా. ఎడమ చివరి గడి పెద్దది. ఎనిమిది గడులున్నప్పుడు 128. పదహారుకి 32768. నువ్వు ఒకటి దగ్గర మొదలుపెట్టావు."

128. అది 1987 నాటి అంకె. వాడి బుర్రలోంచి జబ్బు, మందులు, ఏళ్ళు ఏవీ దాన్ని చెరపలేకపోయాయి. నాకు గొంతు పట్టేసింది. మాట్లాడకుండా కీబోర్డు వాడి వైపు జరిపాను. వాడు కాసేపు దాని వంక చూసి, ఒక్క వేలుతో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, నేను చెప్పిన లైన్ మార్చాడు. ఎంటర్ కొట్టాడు.

తెనాలి.

"అమ్మా, ఇలా రా" అని పిలిచాను. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చదివింది. "తె...నా...లి. బానే ఉంది. ఇంతకీ ఇది దేనికే?"

నేను నోరు తెరిచేలోపు వాడన్నాడు. "దేనికీ కాదమ్మా. ఊరికే."

అమ్మ వాడి మొహం వంకే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపు. తర్వాత ఇద్దరికీ చెరో అరిసె పెట్టి వెళ్ళింది.

దీనితో వాడి జబ్బు తగ్గిందని చెప్పడం లేదు. తగ్గలేదు. కొన్ని రోజులు వాడు మంచం దిగడు. ఆ రోజుల్లో అక్షరాలూ లేవు, అంకెలూ లేవు. డాక్టరుగారి మందుకి బదులు ఏ ప్రోగ్రామూ పనికిరాదు. నాకు తెలిసిందల్లా ఒకటే. వాణ్ణి కాపాడుకోవాలన్న కంగారులో, వాడికి ఇష్టమైనది కూడా వాడి దగ్గర్నుంచి తీసేసుకున్నాం. ఉద్యోగానికి పనికొచ్చేదైతే తిరిగి ఇవ్వాలని ఎప్పుడో తోచేదేమో. ఊరికే చేసేది కాబట్టి, అది లేకపోతే ఏం నష్టంలే అనుకున్నాం.

హైదరాబాద్ తిరిగొచ్చాక, క్యాంటీన్‌లో ఆ కుర్రాడి పక్కన కూర్చుని చెప్పాను. "నువ్వు చూపించావే, ఆ ఓఎస్. ఆయనకున్న జబ్బే మా తమ్ముడికీ ఉంది." వాడి చేతిలో ముద్ద ఆగిపోయింది. "సారీ మేడం" అన్నాడు. ఫర్వాలేదన్నాను. తెర మీది 'తెనాలి' ఫొటో చూపించాను. కాసేపు చూసి, "మేడం, ఇది మొత్తం ఎన్ని బైట్లు?" అని అడిగాడు. అక్షరాలకి 96, గీసే ప్రోగ్రాంకి 74 అని చెప్పాను.

నిన్న రాత్రి తొమ్మిదింటికి తెనాలి నుంచి ఫోన్. మామూలుగా అమ్మే చేస్తుంది. నిన్న తమ్ముడు చేశాడు.

"అక్కా, లెక్క చూశాను. ఇంకా 340 బైట్లు మిగిలాయి. ఏం చేద్దాం?"